ఫెరారీని నడిపిన నలుగురు: మీ సంస్థకు ఎవరి పద్ధతి సరిపోతుంది?

2024లో ఫెరారీ ప్రపంచమంతటికీ కలిపి అమ్మిన కార్లు 13,752. మన దగ్గర మారుతి సుజుకీకి ఇది రెండు మూడు రోజుల అమ్మకం. ఇటలీలో మోడెనా పక్కనున్న మరనెల్లో అనే చిన్న ఊరు, ఐదు వేల పైచిలుకు ఉద్యోగులు, పైన ఒక మనిషి. ఇంత చిన్న కంపెనీ కాబట్టే పైవాడి స్వభావం మెషీన్ దగ్గర నిలబడేవాడి దాకా ఎలా దిగుతుందో ఇక్కడ బాగా కనిపిస్తుంది. 1947లో మొదటి కారు బయటికొచ్చినప్పటి నుంచి దీన్ని ముఖ్యంగా నలుగురు నాలుగు రకాలుగా నడిపారు: ఎంజో ఫెరారీ, లూకా ది మోంతెజెమోలో, సెర్జియో మార్కియోన్నె, ఇప్పుడున్న బెనెడెట్టో విన్యా. నలుగురి చేతుల్లోనూ కంపెనీ పెరిగింది. అందుకే పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

నాకు ఈ విషయం ఎందుకు పట్టుకుందో ముందు చెబుతాను. బాలానగర్‌లో మాది చిన్న సీఎన్‌సీ షాపు, అంటే కంప్యూటర్‌తో నడిచే మెషీన్ల మీద లోహపు భాగాలు చేసే చోటు. ముప్పై రెండు మంది. మూడేళ్ల కిందట నాలుగు వందల బుష్‌ల (గొట్టంలాంటి చిన్న భాగాలు) బ్యాచ్ మొత్తం రిజెక్ట్ అయి వెనక్కొచ్చింది. బోర్, అంటే లోపలి రంధ్రం, సైజు ఎక్కువైంది. విచారిస్తే తేలిందేమిటంటే, రెండో రోజే, రంధ్రం సైజు సరిచూసే ప్లగ్ గేజ్ వదులుగా దిగుతోందని ఆపరేటర్ గమనించాడు, సూపర్‌వైజర్‌కి చెప్పాడు కూడా. సూపర్‌వైజర్ నాకు చెప్పలేదు. ఆ వారం ఇంకో డెలివరీ టెన్షన్‌లో నేను అందరి మీదా అరుస్తున్నాను. “సార్ కాస్త చల్లబడ్డాక చెబుదామనుకున్నాను” అన్నాడు. నేను చల్లబడేసరికి నాలుగు వందలూ తయారైపోయాయి.

అప్పటి నుంచి ఏ యజమాని గురించి చదివినా ఒక్క సంగతే వెతుకుతున్నాను. చెడ్డ కబురు ఆయన దగ్గరికి ఏ దారిన, ఎంతసేపట్లో చేరేది? మెత్తని మనిషా, కఠినమైన మనిషా అన్నదానికన్నా ఇదే ఎక్కువ చెబుతుంది. కింది పోలికంతా ఈ గేజ్ పెట్టి కొలిచిందే.

ఎంజో ఫెరారీ: అంతా నా చేతి మీదుగానే

1929లో రేసింగ్ జట్టు పెట్టారు, 1947లో సొంత పేరుతో కారు తెచ్చారు, 1988లో పోయేదాకా రేసింగ్‌లో ఆఖరి మాట ఆయనదే. ఆయనకు కార్ల అమ్మకం రేసింగ్‌కి డబ్బు తెచ్చే మార్గం. అయినా రేసులకు దాదాపుగా వెళ్లేవారు కాదు. ఇటలీలోనే ఉన్న మోంజా ట్రాక్‌లో ప్రాక్టీసు చూసి వచ్చేసేవారు. మిగతాదంతా మరనెల్లోలో కూర్చుని, ఫోన్‌లోనూ మనుషులు మోసుకొచ్చే మాటల్లోనూ వినడమే. తన మనుషుల్ని ఒకరి మీద ఒకరిని పోటీకి నిలబెట్టడం ఆయనకు అలవాటు. ఆ పోటీలోంచే మంచి కారు పుడుతుందని నమ్మేవారు.

1961 చివర్లో జరిగినది చూడండి. ఆ ఏడాది ఫార్ములా వన్‌లో డ్రైవర్ల టైటిలూ, కారు తయారుచేసిన జట్టుకిచ్చే కన్‌స్ట్రక్టర్ల టైటిలూ ఫెరారీవే. సెప్టెంబర్‌లో మోంజాలో జట్టు డ్రైవర్ ఫాన్ ట్రిప్స్‌తో పాటు ప్రేక్షకులు పదిమందికి పైగా చనిపోయిన దుఃఖం ఇంకా తీరలేదు. అలాంటి సమయంలో ప్రధాన ఇంజనీరు కార్లో కీటి, టెస్టింగ్ చూసే జొట్టో బిజారిని, జట్టు మేనేజర్ రోమోలో తావోని, అమ్మకాలు చూసే గార్దీని సహా ఎనిమిది మంది పెద్ద ఉద్యోగులు ఒక్కసారిగా బయటికి పోయారు. ఎంజో భార్య లౌరా కంపెనీ పనుల్లో కల్పించుకోవడం వాళ్లకు భరించరానిదైంది. ఆ మాట ఆయన ముఖం మీద చెప్పలేక లాయరు చేత ఉత్తరం రాయించారు. రోజూ ఎదురుపడే మనుషులు లాయరు నోటితో మాట్లాడాల్సి వచ్చిందంటే, చెడ్డ కబురు వచ్చే దారి ఎప్పుడో మూసుకుపోయిందన్నమాట.

దాని ఖరీదు ఎంతో రెండేళ్లలో తెలిసింది. ట్రాక్టర్లు చేసే ఫెరుచ్చో లాంబోర్గిని 1963లో కార్ల కంపెనీ పెట్టినప్పుడు, ఆయనకు మొదటి వీ12 (పన్నెండు సిలిండర్ల) ఇంజన్ డిజైన్ చేసి ఇచ్చింది ఈ బిజారినియే. ఫెరారీ పోగొట్టుకున్న మనిషి పాతిక మైళ్ల లోపలే పోటీదారు చేతికి అందాడు. ఇప్పటికీ ఆ పోటీ తెగలేదు.

అదే ఎంజో అదే రోజుల్లో చేసిన ఇంకో పని కూడా చెప్పాలి. ఖాళీ అయిన సాంకేతిక బాధ్యత అంతా మౌరో ఫోర్గియేరి అనే 26 ఏళ్ల కుర్రాడికి అప్పగించారు. అనుభవం తక్కువని వెనకాడలేదు. మూడేళ్లలో, 1964లో, ఫోర్గియేరి కారుతో జాన్ సర్టీస్ ప్రపంచ చాంపియన్ అయ్యారు. కమిటీలు కూర్చునే కంపెనీలో ఆ నియామకం జరిగేది కాదు.

ఏది అమ్మాలి, ఏది అమ్మకూడదు అన్న తెలివి కూడా ఈ రకం మనిషికే ఎక్కువ. 1963లో ఫోర్డ్ కంపెనీ కొనడానికి వచ్చింది. బేరం దాదాపు కుదిరాక, రేసింగ్ మీద ఆఖరి నిర్ణయం అమెరికా నుంచి రావాల్సి ఉంటుందని కాగితాల్లో చూసి ఎంజో లేచి వెళ్లిపోయారు. 1966లో ఫ్రాన్స్‌లో జరిగే ల మాన్ 24 గంటల రేసులో ఫోర్డ్ మొదటి మూడు స్థానాలూ పట్టుకుని కసి తీర్చుకుంది. 1969లో ఫియట్‌కి సగం వాటా అమ్మినప్పుడు మాత్రం రేసింగ్ తన చేతిలోనే ఉండేలా రాయించుకున్నారు. కోరుకున్న షరతు కోసం ఆరేళ్లు ఆగారు.

ఈ పద్ధతి ఎవరికి? సరుకు నాణ్యత మీ చేతిలో, మీ కంటిలో ఉన్నంతకాలం, మనుషుల పేర్లన్నీ మీకు నోటికి వచ్చినంతకాలం ఇది పనిచేస్తుంది. ఇరవై ముప్పై మంది దాటితే ప్రమాదం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు షాపు పనుల్లో తలదూరుస్తుంటే ఇంకా ముందే. ఈ దారిలోనే ఉండాలనుకుంటే కనీసం ఒక మనిషికి, మీ మీద కోపం తెచ్చుకునే హక్కు ఇవ్వండి. అతను మీ బంధువు కాకుండా చూసుకోండి.

మోంతెజెమోలో: కొనేవాడి సీట్లో కూర్చుని చూసిన మనిషి

ఈయన 1973లో ఎంజోకి సహాయకుడిగా చేరిన లా గ్రాడ్యుయేట్. మరుసటి ఏడాదే రేసింగ్ జట్టు అప్పగించారు. 1975లో జట్టు డ్రైవర్ నికీ లాడా చాంపియన్. తర్వాత ఫియట్‌లో వేరే పనులు, 1990 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ నిర్వహణ. ఎంజో పోయాక కంపెనీ తడబడుతుండగా 1991 చివర్లో అధ్యక్షుడిగా తిరిగొచ్చారు.

వచ్చేసరికి షోరూముల్లో ఉన్న చిన్న ఫెరారీ, 348 అనే మోడల్. దాన్ని ఆయన సొంతానికి నడిపి చూశారు, చూడ్డానికి బాగుంది కానీ నడిపితే తృప్తి లేదని బాహాటంగానే అన్నారు. ఇదే ఆయన చెడ్డ కబురు తెచ్చుకున్న దారి. రిపోర్టు కోసం ఎదురుచూడలేదు, స్టీరింగ్ పట్టుకున్నారు. 1994లో వచ్చిన ఎఫ్355 ఆ అసంతృప్తికి జవాబు.

అయితే ఆయన దగ్గర నేర్చుకోవాల్సినది ఓపిక. 1993 జులైలో ఫ్రాన్స్ నుంచి జాన్ టోడ్‌ని తెచ్చి రేసింగ్ అప్పగించారు. 1996లో డ్రైవర్ మైకేల్ షుమాకర్, ఆ వెనకే ఇంజనీర్లు రాస్ బ్రాన్, రోరీ బర్న్ చేరారు. ఇంతమంది మేటి మనుషులు వచ్చాక కూడా 1997, 1998, 1999 మూడేళ్లూ డ్రైవర్ల టైటిల్ ఆఖరి రేసులో చేజారింది. ఇటలీలో ఫెరారీ ఓడితే ఆదివారం సాయంత్రం నుంచే తిట్లు మొదలవుతాయి. ప్రతి ఏడాదీ టోడ్‌ని పంపించెయ్యమన్న గొంతులే. పంపలేదు. 1999లో కన్‌స్ట్రక్టర్ల టైటిల్, 2000లో 21 ఏళ్ల తర్వాత డ్రైవర్ల టైటిల్ వచ్చాయి. ఆ తర్వాత 2004 దాకా ప్రతి ఏడాదీ రెండు టైటిళ్లూ ఫెరారీవే. మంచివాణ్ని పెట్టుకుని రెండో ఏడాదే మార్చేసే యజమానులు మనలో ఎంతమందిమి ఉన్నామో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. నేనూ ఒక ప్రొడక్షన్ మేనేజర్‌ని పద్నాలుగు నెలలకే పంపేశాను. అతనికి ఇంకో ఏడాది ఇచ్చి ఉండాల్సింది.

ఫ్యాక్టరీలో ఆయన చేసిన మార్పు కూడా దగ్గరగా చూడదగింది. 1997లో మొదలుపెట్టిన కార్యక్రమం పేరు ‘ఫార్ములా ఉఓమో’. ఉఓమో అంటే మనిషి. ఇంజన్ భాగాలు మెషీనింగ్ చేసే షెడ్డులోకి పగటి వెలుతురు వచ్చేలా కట్టించారు, లోపలే చెట్లు పెంచారు, వేడినీ శబ్దాన్నీ అదుపులో పెట్టారు. కార్ల మీద గాలి ప్రభావాన్ని పరీక్షించే విండ్ టన్నెల్‌ని పేరున్న ఆర్కిటెక్ట్ రెంజో పియానో చేత డిజైన్ చేయించారు. మెషీన్ షాపులో చెట్టు అంటే మా వాళ్లు మొదట నమ్మలేదు. కూలెంట్ వాసన, ఇనప చిప్స్, చెవులు దిమ్మెక్కే చప్పుడు మధ్య పన్నెండు గంటలు నిలబడేవాడికి గేజ్ వదులైందని గమనించే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? నేను చెట్లు పెట్టలేకపోయాను కానీ, కప్పు మీద నాలుగు పారదర్శక షీట్లు, రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేయించాను.

2013లో ఇంకో చిన్న రూలు పెట్టారు. కంపెనీ లోపల ఒక ఈమెయిల్‌ని ముగ్గురికి మించి పంపకూడదు. సంబంధం లేనివాళ్లందరికీ కాపీ కొట్టడం మాని, లేచి వెళ్లి మాట్లాడుకోమని. మన వాట్సాప్ గ్రూపులకు ఈ రూలు పెడితే ఎంత బాగుంటుంది! గ్రూపులో వంద మంది చూసిన సమస్య ఎవరి సమస్యా కాదు. మా షాపులో రిజెక్షన్ ఫొటో ఇప్పుడు గ్రూపులో పెట్టరు, ముక్కను తెచ్చి నా టేబుల్ మీద పెడతారు.

అదే ఏడాది ఉత్పత్తిని కావాలని తగ్గించారు. 2012లో 7,318 కార్లు, 2013లో 6,922. ఆదాయం తగ్గకపోగా పెరిగింది. అడిగినవాళ్లందరికీ ఇవ్వకపోవడం ఎంజో కాలం నుంచీ ఉన్న సూత్రమే, దాన్ని ఈయన లెక్కల్లో చూపించారు.

ఈయన పద్ధతికి లోపం లేదా అంటే ఉంది. 23 ఏళ్లు ఒకే కుర్చీ. 2008 తర్వాత ఫార్ములా వన్‌లో ఒక్క టైటిల్ రాలేదు, అయినా ఆయన స్థానాన్ని ప్రశ్నించగలవాళ్లు మరనెల్లోలో లేరు. చివరికి 2014 సెప్టెంబర్‌లో, మోంజా రేసు జరుగుతున్న వారాంతంలోనే, ఫియట్ అధిపతి మార్కియోన్నె విలేకరుల ముందు రేసింగ్ ఫలితాలు ఇలా ఉంటే కుదరదనీ, ఎవరూ తప్పనిసరి కాదనీ తేల్చేశారు. మూడు రోజుల్లో రాజీనామా. ఆ చెడ్డ కబురు ఈసారి పై నుంచి, పదిమంది ముందు వచ్చింది.

మార్కియోన్నె: లెక్క, గడువు, ఫోను

చియేతిలో పుట్టి, పద్నాలుగేళ్ల వయసులో కుటుంబంతో కెనడా వెళ్లిన మనిషి. అటు అకౌంటెంటు, ఇటు లాయరు. 2004లో మునిగిపోతున్న ఫియట్‌ని, 2009లో దివాలా తీసిన క్రైస్లర్‌ని చేపట్టి నిలబెట్టారు. ఎప్పుడూ నల్ల స్వెటర్, చేతిలో నాలుగైదు ఫోన్లు. మధ్య అంచెలు తీసేసి, వయసులో చిన్నవాళ్లని పైకి తెచ్చి, ఎక్కువమంది నేరుగా తనకే రిపోర్టు చేసేలా పెట్టుకోవడం ఆయన తీరు. అంటే చెడ్డ కబురు ఆయనకు అందరికన్నా వేగంగా చేరేది. శని, ఆదివారాలు కూడా.

ఫెరారీలో ఆయన ఉన్నది నాలుగేళ్లే. 2015 అక్టోబర్‌లో షేరు 52 డాలర్లకు న్యూయార్క్ ఎక్స్ఛేంజికి తెచ్చారు. 2016 మొదట్లో కంపెనీని ఫియట్ క్రైస్లర్ నుంచి పూర్తిగా విడదీశారు. కార్ల కంపెనీగా కాకుండా ఖరీదైన బ్రాండ్‌గా విలువ కట్టమని మార్కెట్‌ని ఒప్పించారు. మోంతెజెమోలో పెట్టిన, ఏడాదికి ఏడు వేల కార్ల పరిమితి పక్కకు పోయింది, 2018లో 9,251 కార్లు వెళ్లాయి. ఆయన పోయే నాటికి షేరు ధర రెండింతలు దాటింది.

2018 జులైలో జూరిచ్ ఆసుపత్రిలో సర్జరీ తర్వాత పరిస్థితి విషమించింది. ఆ 21వ తేదీ శనివారం ఒక్క రోజే ఫియట్ క్రైస్లర్, ఫెరారీ, ట్రాక్టర్లు చేసే సీఎన్‌హెచ్ మూడు కంపెనీల బోర్డులు హడావిడిగా కూర్చుని కొత్త అధిపతుల్ని ఎంచుకోవాల్సి వచ్చింది. 25న ఆయన చనిపోయారు. ఏడాదికి పైగా తీవ్రమైన జబ్బుకి అక్కడే చికిత్స పొందారని ఆసుపత్రి చెప్పింది. తమకు తెలియదని కంపెనీ చెప్పింది. కింది నుంచి ప్రతి కబురూ తన దగ్గరికి తెప్పించుకున్న మనిషి, తన కబురు మాత్రం తనలోనే దాచుకున్నారు. ఆ బరువు ఒంటరిగా ఎలా మోశారో అనుకుంటే మనసు కలుక్కుమంటుంది.

అప్పులు పీకల మీదికొచ్చినప్పుడు, అన్నదమ్ముల వాటాలు పంచుకోవాల్సి వచ్చినప్పుడు, బయటి పెట్టుబడి తెచ్చుకునేటప్పుడు ఈ పద్ధతే కావాలి. మిగతా మూడూ అప్పుడు నిదానం. కానీ రెండు మూడేళ్ల గడువు పెట్టుకుని దిగండి, మీ తర్వాత ఎవరన్నది మొదటి నెలలోనే తేల్చుకోండి.

విన్యా: బయటి రంగం నుంచి వచ్చి అడిగి తెలుసుకున్నవాడు

మధ్యలో లూయీ కామిలేరి రెండున్నరేళ్లు చూశారు, ఆయన తప్పుకున్నాక ఛైర్మన్ జాన్ ఎల్కాన్ కొన్నాళ్లు తానే నడిపారు. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన విన్యాకి కార్లతో సంబంధమే లేదు. పీసాలో ఫిజిక్స్ చదివి, ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్ అనే చిప్‌ల కంపెనీలో పాతికేళ్లకు పైగా పనిచేశారు. నింటెండో వీ ఆటలో చేతి కదలికను పసిగట్టిన సెన్సర్ ఆయన విభాగం చేసినదే.

కొత్తవాడు కాబట్టి మొదటి నెలలు ఉద్యోగులతో మాట్లాడటానికే పెట్టారు. 2022 మొదట్లో అంచెలు తగ్గించి కొత్త నిర్మాణం ప్రకటించారు. పాత పెద్దలు కొందరు వెళ్లిపోయారు. నాలుగు తలుపుల పురొసాంగ్వే అనే కారు తెచ్చినా, మొత్తం ఉత్పత్తిలో అది అయిదో వంతు దాటదని ముందే చెప్పారు. 2024 జూన్‌లో మరనెల్లోలో ‘ఈ-బిల్డింగ్’ మొదలైంది. పెట్రోలు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ మూడూ అక్కడే తయారవుతాయి. ఉద్యోగులకు కంపెనీ షేర్లు ఇచ్చే పథకం కూడా పెట్టారు. 2024లో కార్ల సంఖ్య ఒక్క శాతం కూడా పెరగలేదు కానీ ఆదాయం దాదాపు 12 శాతం పెరిగింది. కారుకి కారు విలువ పెరిగిందన్నమాట. ల మాన్‌లో 2023, 2024, 2025 వరుసగా ఫెరారీవే.

ఈయన కథ ఇంకా సగంలోనే ఉంది. 2025 అక్టోబర్‌లో రాబోయే ఏళ్ల లక్ష్యాలు చెప్పిన రోజే షేరు దాదాపు 15 శాతం పడిపోయింది. మార్కెట్ ఇంకా ఎక్కువ ఆశించింది. 2025 దాకా ఫార్ములా వన్ టైటిల్ రాలేదు. అందుకే ఈ పద్ధతి గెలిచిందని నేను ఇప్పుడే చెప్పను. చేస్తున్న పని అడుగునుంచే మారిపోతున్నప్పుడు, ఉదాహరణకు డీజిల్ పంపు భాగాలు చేసే షాపు ఎలక్ట్రిక్ వైపు తిరగాల్సి వచ్చినప్పుడు, తెలియనివాడిగా అడిగే మనిషి కావాలి. పాతికేళ్ల అనుభవం ఉన్న నాలాంటివాడు ఆ ప్రశ్నలు అడగడు.

మరి ఏది ఎంచుకోవాలి

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పదేళ్లు దాటి, ముప్పై నుంచి మూడు వందల మంది ఉన్న మన సంస్థల్లో ఎక్కువ వాటికి మోంతెజెమోలో పద్ధతే సరైనది. సరుకు బాగానే ఉంటుంది, పేరూ ఉంటుంది, జారిపోతున్నది మాత్రం శ్రద్ధ. మీ సరుకుని మీరే కస్టమర్‌లా ఒక నెల వాడండి. ఒక్క మంచి మనిషిని తెచ్చి నాలుగేళ్లు కదపకండి. ఆ కుర్చీలో మీరు ఎంతకాలం ఉంటారో మాత్రం ముందే రాసుకోండి, ఎందుకంటే ఆయనకు అదే లేకపోయింది.

కలిపి వాడుకోవచ్చా అని అడుగుతారు. వాడుకోవచ్చు, కానీ ఒకే వారంలో ఒకే మనిషి ఎంజోలా అరిచి, విన్యాలా “మీ అభిప్రాయం చెప్పండి” అంటే ఎవరూ చెప్పరు. సోమవారం అరుపు గుర్తుండగా బుధవారం నోరు విప్పడానికి ఎవరికి ధైర్యం వస్తుంది?

మీరు యజమాని కాదు, ఉద్యోగంలో చేరబోతున్నారు అనుకోండి. ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న అడగండి: “ఈ మధ్య ఇక్కడ ఏదైనా పెద్ద పొరపాటు జరిగిందా? అది పైవాళ్లకి ఎవరు చెప్పారు, చెప్పినవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?” పొరపాట్లే జరగవన్న చోట చేరకండి. ఎంజోలాంటి మనిషి దగ్గర పని నేర్చుకోవాలని ఉంటే, ఇరవై ఆరేళ్ల వయసులో తప్పకుండా వెళ్లండి. ఫోర్గియేరికి దొరికిన అవకాశం పద్ధతిగా నడిచే కంపెనీలో నలభై దాటితే గానీ రాదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, ఈఎంఐలు నడుస్తుంటే మాత్రం ఆ గాలివాన మీకొద్దు.

ఇంకొక ప్రశ్న నన్ను బాలానగర్‌లో తోటి షాపులవాళ్లు తరచూ అడుగుతారు: కొడుక్కి అప్పగించాలా, బయటివాణ్ని పెట్టాలా? ఎంజో పెద్ద కొడుకు దీనో 1956లో 24 ఏళ్లకే జబ్బుతో పోయారు. రెండో కొడుకు పియెరో ఉన్నారు. పది శాతం వాటా ఆయనది, వైస్ ఛైర్మన్ హోదా ఆయనది. ఎంజో తర్వాత కంపెనీ నడిపే కుర్చీలో మాత్రం ఎప్పుడూ బయటివాళ్లే కూర్చున్నారు. పియెరో గౌరవం తగ్గలేదు, ఆస్తి తగ్గలేదు, కంపెనీకీ మేలే జరిగింది. మా అబ్బాయికి డిజైన్ పని ఇష్టం, మనుషుల్ని నడపడం ఇష్టం లేదు. అతన్ని బలవంతపెట్టి నా కుర్చీలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే పోయిన దసరాకి ఒక కాగితం రాయించాను. వాటా ఎవరికి, నేను పనికి రాలేని రోజు షాపు ఎవరు చూడాలి, నా ఆరోగ్యం గురించి ఎవరికి చెప్పాలి, మూడూ అందులో ఉన్నాయి. ఒక కాపీ ఆడిటర్ దగ్గర ఉంది. రెండోది, ఆ రోజు నేను చల్లబడేదాకా ఆగిన సూపర్‌వైజర్ దగ్గర.